సగటు బొంకు

తెలుగు పండితునికి గ్రాఫిక్సు కార్డులతో పనేమిటని అడిగే మిత్రులున్నారు. వారికి ముందుగా ఒక మాట చెప్పి విషయంలోకి వస్తాను. ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు ఛందస్సు బోధించినవాణ్ణి. గణాలు తప్పిన పద్యాన్ని పట్టుకొని, మొత్తం మీద అక్షరాల లెక్క సరిపోయింది కదా అని ఎవరైనా సమర్థిస్తే నేను ఊరుకోలేను. ఇక్కడి తగవు సరిగ్గా అటువంటిదే. కాకపోతే పద్యానికి బదులు కారు పందెపు ఆట ఉన్నది, కవికి బదులు రెండు కార్డులున్నవి.

మొన్న నారాయణఖేడ్‌లో మా ఇంటికి ఒకాయన వచ్చాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు వ్యవసాయం. కందులు అమ్మిన డబ్బు చేతికొచ్చింది. ఇంటర్ పూర్తయిన కొడుకు కంప్యూటర్ కావాలని పట్టుబట్టాడు. ఎవరో ఒక పాత యంత్రాన్ని అమ్మజూపారట. అందులో ఒకే రకం గ్రాఫిక్సు కార్డులు రెండున్నవట.

“జోడు కార్డులు సార్. ఒక్కదానికంటె డబల్ స్పీడంట. వీడియో గూడ పంపిండు, చూడుండ్రి” అని ఫోను నా ముందు పెట్టాడు.

చూశాను. తెరమీద ఒక కారు మట్టిదారిలో దూసుకుపోతున్నది. పైమూలన పచ్చని అంకె. ఒక కార్డుతో 61. రెండు కార్డులతో 108.

“మీ ఇంట్ల గూడ ఇసొంటిదే ఉండె గద సార్. కొనమంటరా?”

అవును, ఉండేది. దాని విషయంలో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉన్నది. ఇన్నేళ్లుగా ఎక్కడా ఒప్పుకోలేదు. ఇవాళ ఒప్పుకొని, ఆ తప్పు నా చేత చేయించిన ‘సగటు’ అనే అంకె మీద నాలుగు మాటలు అంటాను.

2012లో మా చిన్నవాడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతుండేవాడు. వాని కంప్యూటరులో అప్పటికే ఒక నడితరం గ్రాఫిక్సు కార్డు ఉండేది. అదే రకం కార్డు ఇంకొకటి జోడిస్తే ఖరీదైన పెద్ద కార్డుకు దీటుగా పనిచేస్తుందని, పెద్దది కొనే స్తోమత మనకు లేదు గనుక ఇదే దారి అని నన్ను ఒప్పించాడు. సుమారు పదివేలు. అది నాకు చిన్న మొత్తం కాదు. వేసవి సెలవులకు ఆ యంత్రాన్ని బస్సులో కాళ్ల మధ్య పెట్టుకొని ఊరికి తెచ్చాడు.

పరీక్ష పెట్టింది నేనే. డబ్బు పెట్టినవాణ్ణి, పైగా పంతులును. పరీక్ష పెట్టకుండా ఉండగలనా? ఆ కార్ల ఆటలోనే పరీక్షకని ఒక ఏర్పాటు ఉండేది. మనం ఏమీ ముట్టుకోనక్కరలేదు. కారు తనంతట తానే ఒక దారిని చుట్టి వస్తుంది. చివర సెకనుకు సగటున ఎన్ని ఫ్రేములు వచ్చాయో చెబుతుంది. ఒక కార్డుతో మూడుసార్లు, రెండు కార్డులతో మూడుసార్లు నడిపించాను. తెర కొలత మార్చలేదు, చిత్రపు నాణ్యత మార్చలేదు. ఒకదానితో 44, 45, 44 వచ్చాయి. రెండింటితో 79, 81, 80. కాగితం మీద గుణించి చూశాను. ఎనభై శాతం పెరుగుదల. నూటికి ఎనభై తెచ్చుకున్నవాణ్ణి ఏ పంతులు తప్పుపడతాడు?

వాడు మాత్రం రెండు రోజులు ఆడి, మూడో రోజు దిగాలుగా కూర్చున్నాడు.

“అంకె బాగనే ఉన్నది గని బాపూ, ఆడుతుంటే రోడ్డు గుంజినట్టయితున్నది. ఒక్క కార్డు ఉన్నప్పుడే బాగుండె.”

“నలభై నాలుగు బాగుండి ఎనభై బాగలేదంటవా? అంకె అబద్ధమాడుతదారా?” అన్నాను.

వాడు మారుమాట్లాడలేదు. వారం తరువాత రెండో కార్డును ఊడదీసి డబ్బాలో పెట్టేశాడు. పదివేలు డబ్బాలోకి పోయాయని నేను గొడవ చేశాను. అప్పుడు వాడన్న మాట ఇది: “నా కండ్లే సరిగ లేవేమో బాపూ.” నేను కాదనలేదు. కాదనకపోగా జహీరాబాదుకు తీసుకుపోయి కళ్లు చూపించాను. చూపు ఆరుకు ఆరు. ఏ లోపమూ లేదు. ఇంటికొచ్చిన తరువాత కూడా నాకు అంకె మీద అనుమానం రాలేదు. అనుమానమంతా కొడుకు మీదనే.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. జోడెడ్లు అన్నప్పుడు మన మనసులో ఒక బొమ్మ ఉంటుంది. దాపటి ఎద్దు, వలపటి ఎద్దు, నడుమ ఒకే కాడి, వెనుక ఒకే నాగలి. రెండూ ఒకే అడుగు వేస్తేనే చాలు సూటిగా సాగుతుంది. రెండు కార్డులు కూడా ఇలాగే పనిచేస్తాయని కొనేవాడు నమ్ముతాడు. ఒకప్పుడు అటువంటివి ఉన్న మాట నిజమే. 1998లో త్రీడీఎఫ్ఎక్స్ సంస్థ వూడూ 2 కార్డులను జతపరచినప్పుడు, ఒకే బొమ్మలోని బేసి గీతలను ఒక కార్డు, సరి గీతలను ఇంకొక కార్డు గీసేవి. అది నిజమైన కాడి. ఆ తరువాత వచ్చిన పద్ధతి వేరు. 1999లో ఏటీఐ సంస్థ రేజ్ ఫ్యూరీ మ్యాక్స్ అనే కార్డులో రెండు చిప్పులు పెట్టి, ఒక ఫ్రేము నీది, తరువాతి ఫ్రేము నాది అని వంతులు వేయించింది. త్రీడీఎఫ్ఎక్స్ ఆస్తులను కొన్న ఎన్‌విడియా 2004లో ఎస్.ఎల్.ఐ. అనే పాత పేరును మళ్లీ బయటికి తీసింది, ఏటీఐ 2005లో క్రాస్‌ఫైర్ అన్నది. పేర్లు రెండైనా, ఆటల్లో ఎక్కువగా నడిచింది ఈ వంతుల పద్ధతే. మనవాళ్లు కొన్నది వంతును. అమ్మినవాళ్లు చూపిన బొమ్మ కాడిది.

వంతుకూ కాడికీ తేడా ఏమిటో బస్సుల లెక్కతో చెప్పవచ్చు. మా ఊరినుండి హైదరాబాదుకు బస్సు ప్రయాణం మూడు గంటలనుకోండి. రెండో బస్సు వేస్తే ప్రయాణం గంటన్నర కాదు. ఎక్కినవానికి ఎప్పుడూ మూడు గంటలే. గంటకు దిగే జనం మాత్రం రెట్టింపవుతారు. రెండు కార్డులూ అంతే. ఒక్క ఫ్రేమును గీయడానికి ఒక కార్డుకు 32 మిల్లీసెకన్లు పడితే, రెండో కార్డు వచ్చినా ఆ ఫ్రేముకు 32 మిల్లీసెకన్లే. మూలనున్న అంకె 31 నుండి 62కు ఎగబాకుతుంది. కాని మీరు స్టీరింగు తిప్పిన తరువాత ఆ మలుపు తెరమీదికి రావడానికి పట్టే కాలం వీసమెత్తు తగ్గదు. కారు పందెంలో వేగమంటే చేతికీ కంటికీ మధ్యనున్న ఈ దూరమే కదా! దాన్ని తగ్గించనిదాన్ని డబల్ స్పీడు అనడం ఏ నిఘంటువు ప్రకారం?

ఇది మొదటి మోసం. రెండోది ఇంతకంటే లోతైనది. గంటకు రెండు బస్సులని బోర్డు మీద రాసి ఉన్నదనుకోండి. అరగంటకొకటి వస్తే ప్రయాణికుడు సగటున పదిహేను నిమిషాలు ఎదురుచూస్తాడు. అదే రెండు బస్సులూ అయిదు నిమిషాల తేడాతో ఒకదాని వెనుక ఒకటి వచ్చి, తరువాత యాభై అయిదు నిమిషాలు ఏదీ రాకపోతే? గంటకు రెండు అన్న లెక్క చెక్కుచెదరదు. ఎదురుచూపు మాత్రం సగటున ఇరవై అయిదు నిమిషాలు దాటుతుంది. రెండో బస్సులో ఎక్కేవాడుండడు, మొదటి బస్సే అందరినీ ఊడ్చుకుపోతుంది. బోర్డు రాసినవాడు అబద్ధం రాయలేదు. ఎండలో నిలబడ్డవాడూ అబద్ధం చెప్పడం లేదు. తేడా ఎక్కడంటే, ఒకడు బస్సులను లెక్కపెట్టాడు, ఇంకొకడు వాటి మధ్యనున్న ఎడాన్ని అనుభవించాడు.

వంతుల కార్డుల రోగం సరిగ్గా ఇదే. రెండు ఫ్రేములు కలిసి 32 మిల్లీసెకన్లలో రావాలి. పదహారుకొకటి వస్తే అది నడక. 4కు ఒకటి, 28కి ఒకటి వస్తే కుంటి నడక. రెండింటి సగటూ 16. మూలన కనిపించే అంకె రెండు సందర్భాల్లోనూ 62. దీన్ని పందెపు దారి మీద పరచి చూడండి. గంటకు 180 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 50 మీటర్లు. సమంగా నడిస్తే ఒక్కొక్క ఫ్రేముకు దారి 80 సెంటీమీటర్ల చొప్పున వెనక్కి పోవాలి. కుంటి నడకలో ఒకసారి 20 సెంటీమీటర్లు, మరుసారి 140. తిరిగి 20, తిరిగి 140. చెట్లు, రాళ్లు, మలుపు రాళ్లు అన్నీ ఇలా గంతులు వేస్తుంటే కన్ను ‘రోడ్డు గుంజినట్టున్నది’ అనక ఏమంటుంది? మా వాడు వాడిన మాటకంటే కచ్చితమైన మాటను ఆ తరువాత ఏ పరీక్షకుని రాతలోనూ నేను చూడలేదు. చదరంగం ఆటలో ఈ రోగం ఉన్నా తెలియదు. నిలబడి చూసే ఆటల్లో కొంత దాగుతుంది. పందెపు ఆటలో దాగదు. అక్కడ దారి అనే కొలబద్ద ప్రతి క్షణం కళ్లముందు పరుచుకొనే ఉంటుంది.

పైగా 4 మిల్లీసెకన్ల కోసం వచ్చిన ఫ్రేము తెరనంతా నిండదు. సెకనుకు అరవైసార్లు మారే తెర ఒకసారి పైనుండి కిందికి గీయడానికి 16 మిల్లీసెకన్లకు పైగా తీసుకుంటుంది. కాబట్టి ఆ ఫ్రేముకు దక్కేది తెరలో నాలుగోవంతు పట్టీ. ఇంకా దారుణమైన సందర్భాల్లో కొన్ని గీతల మందం మాత్రమే. కంటికి కనిపించని ఆ పీలికను కూడా లెక్కల పుస్తకంలో ‘ఒక ఫ్రేము’ అనే రాశారు. హాజరుపట్టీలో పేరుండి బడికి రాని పిల్లవాని లెక్క అన్నమాట.

ఇక్కడ పరీక్షకుల విషయం చెప్పక తప్పదు. 2004 తరువాత చాలా ఏళ్లపాటు జోడు కార్డులను సమీక్షించిన పత్రికలు, సైట్లు ప్రధానంగా పట్టికలెక్కించింది ఈ సగటు అంకెనే. పొడవైన కడ్డీ గీసి, పొడవైన కడ్డీ ఉన్నవాడే గెలిచాడన్నారు. ఆడినవాళ్లు అప్పటికే తడబాటు గురించి మొత్తుకుంటూనే ఉన్నారు. కాని మొత్తుకోళ్లకు కడ్డీ లేదు. 2011 సెప్టెంబరులో ది టెక్ రిపోర్ట్ అనే సైటులో స్కాట్ వాసన్ ఒక వ్యాసం రాసి, సెకనును మొత్తంగా కాక సెకను లోపలికి చూడాలన్నాడు. ఎన్ని ఫ్రేములని కాదు, ఒక్కొక్క ఫ్రేముకు ఎన్ని మిల్లీసెకన్లని కొలిచాడు. 2013 వసంతంలో ఎన్‌విడియా తయారుచేసిన ఎఫ్‌క్యాట్ అనే పనిముట్టు సమీక్షకుల చేతికి వచ్చింది. దాని పద్ధతి ఎంత సాదా అంటే మా బడిపిల్లలకు కూడా అర్థమవుతుంది. ప్రతి ఫ్రేముకు ఎడమ అంచున ఒక రంగు పట్టీ వేస్తారు. తెరకు వెళ్లే దృశ్యాన్ని వేరే కంప్యూటరులో యథాతథంగా పట్టుకుంటారు. ఏ రంగు ఎంత పొడవున్నదో కొలుస్తారు. అంతే. యంత్రం తాను గీశానని చెప్పుకున్న లెక్క ఒకటి, తెరకు నిజంగా చేరిన లెక్క ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టేసరికి కొన్ని ఆటల్లో క్రాస్‌ఫైర్ జోడు కార్డుల అసలు ఫలితం ఒంటి కార్డుకు దగ్గరగానే తేలింది.

పోటీదారుని తప్పు బయటపెట్టడానికే ఎన్‌విడియా ఆ పనిముట్టు చేసిందనేవారున్నారు. కావచ్చు. తన కార్డుల్లో ఆ దోషం తక్కువ గనుకనే ధైర్యం చేసింది. తక్కువే గాని బొత్తిగా లేదనడానికి వీల్లేదు. అయినా దీపం ఎవరు తెచ్చారన్నది కాదు, వెలుగులో ఏమి కనిపించిందన్నది ప్రశ్న. ఏటీఐని అప్పటికే తనలో కలుపుకున్న ఏ.ఎమ్.డి. కూడా లోపాన్ని ఒప్పుకొని, 2013 ఆగస్టులో ఫ్రేముల నడకను సరిదిద్దే డ్రైవరును విడుదల చేసింది. అంటే మా వాడు 2012 వేసవిలో చెప్పింది అక్షరాలా నిజం. వాని కళ్లు ఆ పనిముట్టుకంటే దాదాపు ఏడాది ముందున్నవి. దాన్ని నమ్మని పరీక్షాధికారిని నేను.

ఛందస్సు తెలిసినవారికి ఇదంతా ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలు. ఒక పాదంలో పదిహేడు, రెండో పాదంలో ఇరవై మూడు, మళ్లీ పదిహేడు, మళ్లీ ఇరవై మూడు పెట్టి, మొత్తం ఎనభై అయింది, సగటు ఇరవై అయింది, కాబట్టి ఇది ఉత్పలమాలే అంటే ఏ గురువైనా పలక తిప్పి కొడతాడు. భ ర న భ భ ర వ అనే గణాలు ఆ వరుసలోనే పడాలి. పదో అక్షరం దగ్గర యతి కూర్చోవాలి. పద్యానికి ప్రాణం అక్షరాల సంఖ్యలో లేదు, అవి పడే చోటులో ఉన్నది. దాన్నే మన పెద్దలు నడక అన్నారు. ‘పద్యం నడక బాగుంది’ అంటామే గాని ‘పద్యం సగటు బాగుంది’ అనము. ఈ మాట జీవితమంతా పిల్లలకు చెప్పిన నేను, నా కొడుకు ‘నడక బాగలేదు’ అని మొరపెట్టుకుంటే ‘అక్షరాలు లెక్కపెట్టాను, ఎనభై ఉన్నాయి’ అన్నాను. ఇంతకంటే సిగ్గుచేటైన పాండిత్యం ఏముంటుంది?

ఎందుకలా అన్నానో కూడా చెప్పాలి. సగటుకు నేను అప్పటికే అలవాటుపడి ఉన్నాను. తనిఖీకి వచ్చిన అధికారులకు ఎన్ని ఏళ్లు తరగతి సగటు చూపించానో లెక్కలేదు. తెలుగులో తరగతి సగటు యాభై రెండు అని చెబితే అధికారి తలూపేవాడు, నేనూ ఊపేవాణ్ణి. ఆ యాభై రెండులో ఎనభై అయిదు తెచ్చుకున్నవాళ్లు సగం, ఒక పేరా తడుముకోకుండా చదవలేనివాళ్లు సగం. ఇంట్లో కన్నడమో మరాఠీయో లంబాడీయో మాట్లాడే పిల్లలు మా ప్రాంతంలో తక్కువ కాదు. వారికి తెలుగు వాచకమే రెండో భాష. ఆ పిల్లలు సగటు చాటున దాక్కున్నారనుకునేవాణ్ణి. వాళ్లు దాక్కోలేదు, నేనే దాచాను. తెరమీద పీలికలాగా మిగిలిన ఫ్రేమును ‘ఒకటి’ అని రాసుకున్న సమీక్షకుణ్ణి తిట్టే ముందు నా హాజరుపట్టీని నేను చూసుకోవాలి.

సరే, ఎదుటి పక్షం వాదనలు కూడా వినాలి. మూడు వాదనలు నాకు తరచుగా తగులుతుంటాయి.

మొదటిది: రెండు నడితరం కార్డులు ఒక పెద్ద కార్డుకంటే చవక. కొన్ని సందర్భాల్లో నిజమే, కార్డుల వెల ఒక్కటే చూస్తే. కాని రెండింటికీ చాలినంత పవర్ సప్లై కావాలి, రెండు పట్టే మదర్‌బోర్డు కావాలి. కింది కార్డు వదిలే వేడిగాలినే పై కార్డు పీల్చుకోవాలి. చైత్ర వైశాఖాల్లో మా ఊళ్లో ఆ గది ఎలా ఉంటుందో నేను అనుభవించాను. ఇక ‘ఒక జీబీ, ఒక జీబీ కలిసి రెండు జీబీ’ అని అమ్మేవారి గణితం మరీ విడ్డూరం. వంతుల పద్ధతిలో ఒకే సరుకు రెండు కార్డుల జ్ఞాపకంలోనూ నకలుగా ఉండాలి. అంటే వాడుకకు వచ్చేది ఒక్క జీబీయే. ఇద్దరు పిల్లల చేతిలో ఒకే వాచకం రెండు ప్రతులుంటే పాఠాలు రెట్టింపు కావు.

రెండోది: ఆ దోషం 2013లోనే సరిదిద్దారు కదా. చాలావరకు సరిదిద్దారు, కాదనను. సరిదిద్దడమంటే ఏమిటో చూడండి. తొందరగా వచ్చిన ఫ్రేమును కాసేపు ఆపి, సమయం చూసి వదలడం. ఎడం సమమైంది. ఒక్కొక్క ఫ్రేముకు పట్టే కాలం తగ్గలేదు. రెండో మోసానికి మందు దొరికింది గాని మొదటి మోసం అలాగే మిగిలింది. అంతలో ఆటలే మారిపోయాయి. కొత్త ఆటలు అంచులను నునుపు చేయడానికి గడిచిన ఫ్రేములోని సమాచారాన్ని తరువాతి ఫ్రేములో వాడుకుంటాయి. వంతుల పద్ధతిలో గడిచిన ఫ్రేము పక్క కార్డు దగ్గర ఉంటుంది. దాన్ని అడిగి తెచ్చుకునేలోగా వంతువల్ల వచ్చిన లాభం ఆవిరవుతుంది. అందుకే ఈ పద్ధతి చచ్చిపోయింది. ఏ.ఎమ్.డి. 2017లో క్రాస్‌ఫైర్ అనే పేరునే వదిలేసింది. ఎన్‌విడియా పాత కార్డులకు కొత్త ఎస్.ఎల్.ఐ. ప్రొఫైళ్లు 2021 జనవరి 1 నుండి చేర్చబోమని ప్రకటించింది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090కి రెండు కార్డులను కలిపే లంకె పెట్టే చోటే లేదు. ఇవాళ పాత జోడు కార్డులు కొనేవాడు కొత్త ఆటల్లో ఒక కార్డుతోనే ఆడుతాడు. రెండోది కరెంటు తాగే అలంకారం. తల్లిదండ్రులు వదిలేసిన సరుకుకు మన జిల్లాల్లో పెంపుడు తండ్రులను వెదుకుతున్నారన్నమాట. ఇది కొత్త కథ కూడా కాదు. ఆ 1999 నాటి రెండు చిప్పుల కార్డుకూ ఇదే గతి పట్టింది. విండోస్ 2000 వచ్చేసరికి దాని రెండో చిప్పు పని లేకుండా కూర్చున్నది.

మూడోది కొంచెం గట్టి వాదన: సగటు గణితశాస్త్రంలో ఉన్నదే కదా, దాన్ని బొంకు అనవచ్చునా? సగటు బొంకు కాదు, సగటును అడగరాని ప్రశ్న అడగడం బొంకు. 2012లో వచ్చిన ‘ఈగ’ సినిమాకు హైదరాబాదులోని మకుట సంస్థ గ్రాఫిక్సు చేసింది. అటువంటి పనిలో ఒక్కొక్క ఫ్రేము గీయడానికి ఎంతసేపు పట్టినా ప్రేక్షకునికి నష్టం లేదు. ముందు అన్నీ గీసి పెట్టుకొని, తరువాత సెకనుకు 24 చొప్పున సమంగా చూపిస్తారు. అక్కడ రెండు యంత్రాలు పెడితే పని నిజంగానే సగం రోజుల్లో అవుతుంది. సగటు అక్కడ ధర్మంగా మాట్లాడుతుంది. ఇప్పుడు కృత్రిమ మేధ అంటున్నారే, ఆ పనులకూ కార్డుల మీద కార్డులు పేర్చడంలో అర్థమున్నది. గుట్టలుగా పడి ఉన్న పనిని ఎంత తొందరగా తరిగిస్తామన్నదే అక్కడ ముఖ్యం. అది దిగుబడి. ఆటలో కావలసింది దిగుబడి కాదు, నడక. తెలుగులో ఈ రెండింటికీ వేర్వేరు మాటలు ఉండగా, రెండింటినీ కలిపి ‘స్పీడు’ అని ఒకే గంపలో వేయడం వల్లనే ఈ వ్యాపారం సాగింది. సమంగా వచ్చే 24తో మన తాతలు, మనమూ తృప్తిగా సినిమాలు చూశాము. ఎగుడుదిగుడుగా వచ్చే 80తో మా వాడు వారం రోజులు ఆడలేకపోయాడు.

అయితే పరీక్ష ఎలా పెట్టాలి? నా పాత శిష్యునికి చెప్పినదే ఇక్కడా చెబుతాను.

యంత్రం తనంతట తాను నడుపుకునే పరీక్షను మాత్రమే నమ్మవద్దు. అక్కడ స్టీరింగు పట్టినవాడే లేడు గనుక చేతికి అందే ఆలస్యం బయటపడదు. పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, అదే దారిలో ఒక కార్డుతో కొంతసేపు, రెండింటితో కొంతసేపు ఆడించాలి. ఏది ఎప్పుడు నడుస్తున్నదో వానికి చెప్పకూడదు. మూలనున్న అంకెను కనబడకుండా చేయాలి. ఆడినవాడు ఏది నునుపుగా ఉందంటే అదే ఫలితం. అంకె కావాలనుకుంటే సగటుతోబాటు అన్నింటికంటే ఆలస్యంగా వచ్చిన ఫ్రేముల అంకె కూడా అడగాలి. వందకు ఒక శాతం కనిష్ఠమని ఇప్పుడు చాలామంది సమీక్షకులు ఇస్తున్నారు, అది మంచి అలవాటు. సాధ్యమైతే ఒక్కొక్క ఫ్రేముకు పట్టిన మిల్లీసెకన్ల గీత చూడాలి. గీత చదునుగా ఉంటే నడక. రంపపు పళ్లలా ఉంటే, పైన ఎంత పెద్ద సగటు రాసి ఉన్నా డబ్బు జేబులోనే ఉంచుకోవాలి. ఇవేవీ కుదరకపోతే ఫోనులో నిదానపు వీడియో తీసే ఏర్పాటుతో తెరను చిత్రించి, దారి పక్కని ఒక చెట్టు ఎలా కదులుతున్నదో చూడండి. సమంగా జరుగుతున్నదా, ఆగి గెంతుతున్నదా? పేదవాని ఎఫ్‌క్యాట్ అదే.

తెలుగులో ఇటువంటి సమీక్షలు చేసే యువకులకు కూడా ఒక విన్నపం. మీ మాట విని పంట డబ్బు ఖర్చు పెట్టేవాళ్లు నారాయణఖేడ్ వంటి ఊళ్లలో ఉన్నారు. వారు మిల్లీసెకనును అడగరు, మూలనున్న పచ్చని అంకెను అడుగుతారు. ఎందుకంటే మీరు చూపిస్తున్నది అదే. అంకెను చూపండి, కాదనను. దాని పక్కనే దాని నడకను కూడా చూపండి. 61 పోయి 108 వచ్చిందని చెప్పేటప్పుడు, ఆ 108లో ఎన్ని తెరను నిండాయి, ఎన్ని పీలికలుగా పోయాయి, చేయి తిప్పాక ఎంతసేపటికి కారు తిరిగింది అన్నది చెప్పకపోతే, మీరు చెప్పింది సగం నిజం. కొనేవాడు ఇచ్చేది మాత్రం పూర్తి డబ్బు.

శిష్యుడు ఆ యంత్రం కొనలేదు. అదే సొమ్ములో ఒంటి కార్డు ఉన్నది చూసుకుంటానన్నాడు. పోతూ పోతూ, “మరి గప్పుడు మీ పిలగాడు చెప్పలేదా సార్, మంచిగ లేదని?” అని అడిగాడు.

చెప్పాడు. ఆ రాత్రి వానికి ఫోను చేశాను. వాడిప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాడు, వానికీ ఒక కూతురున్నది. నీ కళ్లు సరిగానే ఉండెరా, నా లెక్కే తప్పు అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. “ఆ కార్డు ఇంక అటక మీదనే ఉన్నదా బాపూ?” అన్నాడు. ఉన్నది. డబ్బా కూడా చెదరలేదు.